నాటిక స్టేజీ మీద ఎందుకు తేలిపోతుంది?
చదివితే బాగున్న నాటిక ఆడితే ఎందుకు తేలిపోయింది అని అడిగారు కదా, నాటికకి ఉండేదే గంట లోపు టైము, ఒకటే సెట్టు, నలుగురైదుగురు మనుషులు, అందుకే తెర లేచిన ఐదు నిమిషాల్లో గొడవేంటో తెలిసిపోవాలి. మాటలకన్నా చేసే పని ముఖ్యం. ఉదాహరణకి కొడుకు ఇల్లు అమ్మేద్దాం అంటాడు, తండ్రి ఏమీ అనకుండా లేచి గోడమీద భార్య ఫోటోకి దండ సరిచేస్తాడు, హాలంతా సైలెంట్, అక్కడ పేజీడు డైలాగు రాశారా, పోయినట్టే. ఇంకోటి, పరిషత్తు పోటీల్లో (నాటక సంస్థలు పెట్టే నాటికల పోటీలు) స్టేజీ పైనుంచి మైకులు వేలాడుతుంటాయి, కథలో కొట్టుకునేవాళ్లు కూడా మాట వినపడాలని వాటికిందకే వచ్చి నిలబడి కొట్టుకుంటారు (నాకైతే నవ్వాగదు). చివర్లో జడ్జీల కోసం నీతి ఉపన్యాసం మాత్రం వద్దు బాబూ, జనం అప్పటికే చెప్పులు వెతుక్కుంటుంటారు.