డ్రైవర్ లేని డంపర్లొస్తే డిప్లొమా పిల్లల గతేంటి?

మీ అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి గనుల్లోకి వెళ్తానంటున్నాడు, పదేళ్లలో గనుల్లో మట్టి, బొగ్గు మోసే డంపర్లు వాటంతటవే నడుస్తాయట కదా అని మీ టెన్షన్. నేను చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వర్క్‌షాప్‌లో పనిచేస్తాను. నన్నడిగితే మా వైపు ముందు మారేది సీట్లో మనిషి కాదు, బండిని లోపల నడిపే యంత్రం.

డ్రైవర్ లేని డంపర్లు కొత్తేమీ కాదు. చిలీలోని గాబ్రియేలా మిస్త్రాల్ రాగి గనిలో కొమాట్సు కంపెనీ డంపర్లు 2008 నుంచే అలా తిరుగుతున్నాయి. కాకపోతే అక్కడ ఆ రోడ్డు వాటి కోసమే కట్టుదిట్టం చేసి ఉంచుతారు. మా హాల్ రోడ్డు, అంటే గనిలో డంపర్లు తిరిగే దారి మీద 60 టన్నుల డంపరు వెనకే కాంట్రాక్టరు టిప్పర్లు, నీళ్ల ట్యాంకరు, సర్వే జీపు, ఒక్కోసారి దారి తప్పిన గేదె కూడా. తొలకరి పడిందా, గొయ్యిలోంచి పైకెక్కే ర్యాంపంతా నల్ల బురద. లోడు బండి వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే, ఆపరేటరు యాక్సిలరేటరు మీద కాలు కాస్త వదిలి పట్టు దొరకబుచ్చుకుంటాడు. కంప్యూటరూ ఆ పని చేస్తుంది, కాదనను. రోడ్డు ఇలా అందరిదీ అయినంతకాలం దాన్ని నమ్మి వదలడమే కష్టం.

ఇక బండి లోపలి సంగతి. 200 టన్నుల తరగతి బండ్లలో చాలావరకు, మన దేశపు బీఈఎంఎల్ కంపెనీ 205 టన్నులదైనా సరే, ఇప్పటికే సగం డీజిల్, సగం కరెంటు మీద నడిచేవే. డీజిల్ ఇంజిను కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును తిప్పితే, ఆ కరెంటుతో చక్రాల మోటార్లు నడుస్తాయి. దిగుడులో అవే మోటార్లు కరెంటు పుట్టిస్తాయి. దాన్ని రెసిస్టర్ల గ్రిడ్‌లో వేడిగా మార్చి గాలికి వదిలేస్తారు. అలా పోయే కరెంటును పట్టుకోవడం మీదే ఇప్పుడు అందరి కన్నూ.

అది కూడా లోడు ఎటు పోతుందన్న దాన్నిబట్టే. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు క్వారీ కొండ మీద ఉంది. బ్యాటరీ డంపరు 65 టన్నులతో కిందికి దిగుతూ ఛార్జ్ అవుతుంది, ఖాళీగా పైకెక్కుతుంది. మాది గొయ్యి. మట్టి, బొగ్గు అన్నీ పైకే రావాలి, డీజిలంతా ఎక్కుడులోనే తాగుతుంది. ఇలాంటిచోట రైలింజనుకు ఉన్నట్టు ర్యాంపు పొడవునా పైన తీగ వేయడమే నయం. స్వీడన్ ఐటిక్ గనిలో 2018లో ఆ పని చేశారు. కాకపోతే మా గనుల్లో ర్యాంపులు తరచూ చోటు మారుతుంటాయి, తీగ వేస్తే అదో తలనొప్పి.

ఇక ఒడిశా దామన్‌జోడిలో పంచపత్‌మాలి కొండ మీది బాక్సైటు 14 కిలోమీటర్లకు పైగా బెల్టు మీదే కిందికి వస్తుంది. డంపరుకు కొండపైన తిరిగే పనే మిగిలింది.

అబ్బాయిని డిప్లొమాతో పాటు ఎలక్ట్రికల్ మీద కూడా చేయి పెట్టమనండి. ఇంజిను విప్పేవాళ్లు మా దగ్గర బోలెడుమంది ఉన్నారు. చక్రాల మోటార్లకు కరెంటు పంపే డ్రైవ్ క్యాబినెట్ దగ్గరికి వెళ్లమంటే సగంమంది వెనక్కి జరుగుతారు. బండి ఆపేశాక కూడా లోపల కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది. ఛార్జ్ ఉందని చూపే లైటు ఆరేదాకా ఆగి, మీటరు పెట్టి చూసుకున్నాకే లోపల చేయి పెట్టాలి.