టెక్ సందేహాలు: అయిదు స్పీకర్లున్న హాల్లో సబ్‌వూఫర్ అవసరమా?

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. అయిదేళ్ల కిందట ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టె), అయిదు స్పీకర్లు కొన్నాను. ముందున్న రెండూ బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే చిన్న) రకం, అయిదంగుళాల వూఫర్ (లోతైన శబ్దాలు పలికే భాగం). అప్పుడు డబ్బు సరిపోక సబ్‌వూఫర్ (లోతైన శబ్దాల కోసమే విడిగా పెట్టే స్పీకర్) మానేశాను. ఇప్పుడు షాపువాళ్లు 12 అంగుళాలది తీసుకోమంటున్నారు. ఇంట్లోవాళ్లేమో ‘ఇప్పటికే మోత ఎక్కువైంది, మాటలు అర్థం కావట్లేదు’ అంటున్నారు. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు మాది. కొనాలా, వద్దా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనండి. కానీ 12 అంగుళాలది వద్దు, వెంటనే కూడా వద్దు. ముందు పైసా ఖర్చు లేని పనులు రెండున్నాయి.

మొదటిది రిసీవర్ సెటప్ మెనూలో ఉంటుంది. స్పీకర్ల సెట్టింగ్ తెరిచి, సబ్‌వూఫర్ ఎదురుగా ‘ఎస్’ ఉందో ‘నో’ ఉందో చూడండి. ‘ఎస్’ ఉంటే మాత్రం, ఇన్నాళ్లూ చాలా సినిమాల్లో కొంత శబ్దం మీ చెవిన పడనే లేదు. 5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ లెక్కన చేసిన శబ్దం; అందులో ఆ ‘.1’ అంటే ఎల్ఎఫ్ఈ, అంటే 120 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు; అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతు) లోపు శబ్దాలకు విడిగా కేటాయించిన ట్రాక్. పిడుగు, పేలుడు, ఏనుగు అడుగు లాంటివాటి బరువు చాలావరకు అందులోనే ఉంటుంది. సబ్‌వూఫర్ ఉందనుకుని రిసీవర్ దాన్ని ఏమీ తగిలించని సాకెట్‌కు పంపేస్తుంది. ‘నో’ పెట్టగానే అదే శబ్దం ముందు స్పీకర్లకు మళ్లుతుంది. ఒక వారం అలా చూడండి, వాల్యూమ్ మాత్రం మరీ పెంచకండి.

రెండోది మీ ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. మాట స్పష్టంగా వినిపించేది హల్లుల వల్ల. అవి సబ్‌వూఫర్ పలికే పరిధికి ఎంతో పైన ఉంటాయి. కాబట్టి ఎంత ఖరీదైన సబ్‌వూఫర్ తెచ్చినా ఆ ఫిర్యాదు నేరుగా తీరదు. టీవీ కింద, సినిమాలో మాటలు ఎక్కువగా పలికే సెంటర్ స్పీకర్‌ని అరలో లోపలికి నెట్టేసి ఉంటే అర అంచుదాకా లాగండి. ముందువైపు చిన్న రబ్బరు ముక్క పెట్టి, అది సోఫాలో కూర్చున్నవాళ్ల చెవుల వైపు చూసేలా పైకెత్తండి. మెనూలో సెంటర్ లెవెల్ 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. ఇంత చేసినా మాటలు తేలకపోతే, సబ్‌వూఫర్ కోసం దాచిన డబ్బు ముందు మంచి సెంటర్ స్పీకర్‌కే పెట్టమంటాను.

ఇవి రెండూ కుదిరాక కూడా సబ్‌వూఫర్ ఎందుకు కొనమంటున్నానంటే, మీ చిన్న వూఫర్లు మోస్తున్న భారం అలాంటిది. ఒకే గట్టితనంతో 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగాలంటే, వూఫర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. బేస్ గిటార్ అడుగు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గరే. అయిదంగుళాల కోన్ అక్కడ కాస్త గట్టిగా పలకబోతే ఆయాసపడుతుంది, దాంతో పాటు పైస్వరాలూ బొంగురుపోతాయి. ఆ బరువు దించేస్తే మీ పాత స్పీకర్లే కొత్తవాటిలా తేలిగ్గా పలుకుతాయి. నా దృష్టిలో సబ్‌వూఫర్ అసలు ప్రయోజనం ఇదే. గోడలు అదరడం కోసం కొనేవాళ్లు కొన్నాళ్లకు దాన్ని ఆపేసి పక్కన పెడతారు.

మీ హాలుకు 10 అంగుళాలది, పెట్టెకు రంధ్రం లేని సీల్డ్ రకం చాలు. రంధ్రమున్న పోర్టెడ్ రకం ఇంకా మోగుతుంది కానీ పెట్టె పెద్దది, పైగా అపార్ట్‌మెంట్‌లో ఆ అదనపు మోత మీకు దక్కేకంటే కిందింటివాళ్లకే ఎక్కువ దక్కుతుంది. లోతైన శబ్దం శ్లాబును సులువుగా దాటిపోతుంది. కింద వేసే రబ్బరు ప్యాడ్లు నేలకు పాకే అదురును తగ్గిస్తాయి, గాలిలో వెళ్లేదాన్ని ఆపలేవు. రాత్రి పదయ్యాక రిసీవర్లో నైట్ మోడ్ (పెద్ద మోతలను తగ్గించే సెట్టింగ్) పెట్టుకోవడమే మర్యాద.

ఎక్కడ పెట్టాలన్నది ఏది కొనాలన్నదానికంటే ముఖ్యం. పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, పదహారడుగుల మధ్య 35 దగ్గర శబ్దం పేరుకుంటుంది. గోడల దగ్గర ఉబ్బుతుంది, గది నడిమధ్యలో సన్నగిల్లుతుంది. అందుకే తెచ్చిన రోజు సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే చోట సోఫా మీదే పెట్టండి. బేస్ గిటార్ స్పష్టంగా ఉన్న పాట ఒకటి తిప్పి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. మా ఇంట్లో ఇలా చేసినప్పుడు మూలలో ఒకటే హోరు, టీవీ స్టాండ్ పక్కన దాదాపు నిశ్శబ్దం, దివాన్ కాళ్ల దగ్గర మాత్రం ఒక్కో స్వరం విడివిడిగా వినిపించింది. సబ్‌వూఫర్ ఇప్పటికీ అక్కడే ఉంది. కాసేపటికి వంటింట్లో స్టీలు పళ్లేలు గలగలమన్నాయి, అరలో మధ్య మధ్య పాత గుడ్డ పరిస్తే ఆగిపోయాయి.

బిగించాక మెనూలో సబ్‌వూఫర్ ‘ఎస్’, అన్ని స్పీకర్లూ ‘స్మాల్’, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి, అంటే ఆ హద్దు కింది శబ్దాలు స్పీకర్లకు కాక సబ్‌వూఫర్‌కు వెళ్తాయి. సబ్‌వూఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ని అన్నిటికంటే పెద్ద అంకె దాకా తిప్పేయండి, లేకపోతే రిసీవర్ ఒకసారి, అది ఒకసారి కోత పెడతాయి. లెవెల్ ఎంతంటే, ఆపినప్పుడు లోటు తెలియాలి, నడుస్తున్నప్పుడు అది ఎక్కడుందో తెలియకూడదు. కొనేముందు రెండు రోజులు ఇంట్లో పెట్టి చూసుకోనిస్తారేమో షాపులో అడగండి. షాపు గదిలో విన్నది మీ హాల్లో వినిపించదు.

ప్రశ్న: పాత హోం థియేటర్ సెట్ పాడైంది, దాని సబ్‌వూఫర్ మాత్రం బాగుంది. సౌండ్‌బార్‌కు కలపొచ్చా?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ పెట్టె వెనక కరెంటు ప్లగ్ ఉందేమో చూడండి. లేకపోతే అందులో యాంప్లిఫయర్ లేనట్టే, పాత సెట్ లేకుండా అది పనిచేయదు. ప్లగ్ ఉంటే, సౌండ్‌బార్ వెనక ‘సబ్ అవుట్’ సాకెట్ కూడా ఉండాలి. చాలా సౌండ్‌బార్లకు అది ఉండదు, వైర్‌లెస్ సబ్‌వూఫర్లు కూడా సాధారణంగా ఆ కంపెనీ సొంత మోడళ్లతోనే జతకడతాయి. రెండూ ఉంటే ఒక ఆర్‌సీఏ కేబుల్ (గుండ్రని పిన్ను ఉండే మామూలు ఆడియో వైరు) చాలు.