ఉంచుకోవడం వేరు, వెంట తీసుకెళ్లడం వేరు

తమ్ముడూ,

అమెరికా తుపాకుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆవేశం ఉంది, మంచిదే. తీర్పులు మాత్రం కలగాపులగమయ్యాయి.

“సుప్రీంకోర్టు తుపాకులకు పచ్చజెండా ఊపింది” అని మూడుచోట్ల రాశావు. ఏ తుపాకికి, ఎక్కడ, ఎవరి చేతిలో? అమెరికా రాజ్యాంగానికి 1791లో వచ్చిన రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. అందులో ఆయుధాల హక్కుకు క్రియలు రెండు: దగ్గర ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం. రెంటినీ కలిపి “తుపాకీ పట్టే హక్కు” అనేశావు, దారి అక్కడే తప్పింది. 2008 హెల్లర్ కేసు మొదటి క్రియది. ఆత్మరక్షణకు ఇంట్లో చేతితుపాకీ ఉంచుకోవచ్చని జడ్జీలు 5-4 ఓట్లతో తేల్చారు. 2022 బ్రూయెన్ కేసు రెండోదానిది. తుపాకీతో బయట తిరగాలంటే ప్రత్యేక అవసరం చూపాలన్న న్యూయార్క్ నిబంధనను 6-3తో కొట్టేశారు. నడుమ 2010 మెక్‌డొనాల్డ్ తీర్పు ఈ హక్కును రాష్ట్రాల మీదా వర్తింపజేసింది. దానికి నీ వ్యాసంలో ఒక్క వాక్యం చాలు.

ఇక పరిమితులు. అవి హెల్లర్‌లోనే, జస్టిస్ స్కాలియా రాసిన మాటల్లోనే ఉన్నాయి: నేరస్థులు, మానసిక అస్వస్థుల మీద ఉన్న నిషేధాలనూ, బడులూ ప్రభుత్వ భవనాల్లో ఆంక్షలనూ ఆ తీర్పు కదపలేదు. బ్రూయెన్ తర్వాత ప్రతి ఆంక్షకూ చరిత్రలో అలాంటి పాత ఆంక్షతో పోలిక చూపాల్సి వస్తోంది. ఆ పోలిక అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదని 2024లో రహీమీ కేసు చెప్పింది. గృహహింస ఉత్తర్వు కింద, ఎదుటివారికి ప్రమాదమని కోర్టు తేల్చిన మనిషి దగ్గర తాత్కాలికంగా తుపాకీ లేకుండా చెయ్యొచ్చని 8-1తో నిర్ణయించారు.

నీ పెద్ద పొరపాటు బంప్ స్టాక్ దగ్గర, అంటే రైఫిల్ వేగంగా పేలేలా దానికి బిగించే పరికరం దగ్గర. 2024 కార్గిల్ తీర్పు దాన్ని రాజ్యాంగ హక్కు చేసిందన్నావు. చెయ్యలేదు. అక్కడి గొడవంతా 1934 చట్టంలోని మెషిన్‌గన్ నిర్వచనం మీద: ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే తనంతట తానుగా ఒకటికన్నా ఎక్కువ తూటాలు పేలాలి. బంప్ స్టాక్ బిగించిన రైఫిల్ పేలిన దెబ్బకు వెనక్కి జారుతుంది. రెండో చేత్తో ముందుకు తోస్తూ ఉంటే ట్రిగ్గరే వచ్చి కదలని వేలికి తగులుతుంది. తూటా తూటాకీ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోంది గనక అది మెషిన్‌గన్ కాదని ఆరుగురు జడ్జీలన్నారు. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, తల్చుకుంటే ఆ నిర్వచనం మార్చుకోవచ్చు. కాబట్టి ప్రతి తీర్పుకూ ముందు ఇది చూసుకో: వాళ్లు చదివింది రాజ్యాంగాన్నా, చట్టాన్నా?

నువ్వు వాడిన “లైసెన్స్ తుపాకీ” అన్న మాట మన 1959 ఆయుధాల చట్టం అలవాటు. అక్కడ ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం కొనుగోలుకు లైసెన్స్ అక్కర్లేదు. డీలర్ దగ్గర 4473 ఫారం నింపితే నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే డీలర్ అమ్మేయొచ్చు. 21 ఏళ్లలోపు వాళ్లకు పది పనిదినాల దాకా సాగొచ్చు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పర్మిట్ అడుగుతాయి, అలాంటి చోట రాష్ట్రం పేరు రాయి.

మనవాళ్లకు అసలు కావాల్సిన పేరానే వదిలేశావు. ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొన్నా, దగ్గర ఉంచుకున్నా మామూలుగా ఫెడరల్ నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్నే. గ్రీన్‌కార్డుదారులకు ఈ అడ్డు లేదు. దీన్ని వ్యాసం పైకి తీసుకురా.

అన్నట్టు ఏఆర్-15 రైఫిల్ పేరులో ‘ఏఆర్’ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు. శీర్షికలో “కాల్పుల మోత” తీసేసి, తిరగరాసి పంపు.

అన్నయ్య