బీరు కాచే చోట హార్లిక్స్ వాసన

పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నుంచి ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్ అనే ఊళ్ళో ఎం.ఎస్. చదువుతున్నాడు. చుట్టూ కొండలు, మధ్యలో విశ్వవిద్యాలయం. వచ్చే జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. "ఇక్కడ బీరు తయారుచేసే చోటే బల్లలు వేసి పోస్తారమ్మా. పిల్లాపాపలతో వచ్చి కూర్చుంటారు. మిమ్మల్ని ఒకరోజు తీసుకెళ్తాను" అంటున్నాడు. మా వారు మండిపడుతున్నారు. నాకేమో భయం. మా నాన్న సారాకు నాలుగెకరాలు తగలేసి పోయిన మనిషి. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. వెళ్ళాలా, మానాలా? వెళ్తే అక్కడ నేను చేసేదేముంది?
— ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: చెల్లెమ్మా, మీరు అడిగిన ఊరు నేను చూశాను. మా అమ్మాయి అక్కడ పనిచేసే రోజుల్లో, 2018 జూన్‌లో, నెలన్నర ఉన్నాం. మీ అబ్బాయి అన్న మాటే మా అల్లుడూ అన్నాడు. మీ వారు అన్న మాటే మా వారూ అన్నారు.

ముందు వాసన సంగతి చెబుతాను, మీ భయం అక్కడే ఉంది కనుక. తలుపు తోయగానే నా ముక్కుకు తగిలింది హార్లిక్స్ వాసన. అబద్ధం కాదు. బార్లీ గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే వచ్చే వాసన అది. మీ అబ్బాయి చిన్నప్పుడు మీరు రాగిమాల్ట్ చేసే ఉంటారు. చోళ్ళు రాత్రంతా నానబోసి, గుడ్డలో మూటకట్టి, తెల్లటి తోక రాగానే ఎండబోసి, దోరగా వేయించి పిండి పట్టిస్తాం. వాళ్ళు బార్లీకి చేసేదీ అదే. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టుకోవడానికి ఎంజైములు తయారుచేసుకుంటుంది. అవి సిద్ధం కాగానే వేడిగాలి పట్టించి మొలకను అక్కడితో ఆపేస్తారు. ఆ గింజను బరకగా మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో ఒక గంట ఉంచితే నీళ్ళు తియ్యబడతాయి. ఆ తీపినీళ్ళను వడగట్టి, చేదునిచ్చే హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు, చల్లార్చి ఈస్టు, అంటే పులియబెట్టే సూక్ష్మజీవిని, కలుపుతారు. బీరంటే ఇంతే.

మేము వెళ్ళింది ఒక గురువారం మధ్యాహ్నం. పొద్దున కాచినట్టున్నారు, రబ్బరు బూట్లు వేసుకున్న కుర్రవాడొకడు పెద్ద స్టీలు గంగాళం అడుగు తలుపు తెరిచి పిప్పిని పారతో లాగుతున్నాడు. నేను తొంగి చూస్తుంటే నవ్వి, ఒక గుప్పెడు తీసి చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. నోట్లో వేసుకుంటే సన్నటి తీపి, తర్వాత అంతా పొట్టు. ఈ పిప్పిని దగ్గరి పశువుల పెంపకందారు వచ్చి పట్టుకుపోతాడట. మా నాయనమ్మ ఉంటే కుడితి గోలెం ఎక్కడని అడిగేది.

అద్దాల గోడ అవతల మనిషికి రెండింతల ఎత్తు స్టీలు ట్యాంకులు. ఒక ట్యాంకు పైనుంచి గొట్టం దిగి, కొస ఒక ప్లాస్టిక్ బకెట్టు నీళ్ళలో మునిగి ఉంది. బుడబుడమంటూ ఒకటే బుడగలు. లోపల ఈస్టు చక్కెరను తింటుంటే వెలువడే కార్బన్ డయాక్సైడు అది. ఒక గ్లూకోజు అణువుకు రెండు ఆల్కహాలు అణువులు, రెండు కార్బన్ డయాక్సైడు అణువులు. ముప్ఫై రెండేళ్ళ పాటు ఈ సమీకరణాన్ని నల్లబల్ల మీద రాశాను, పిల్లలు తప్పు తూకం వేస్తే సున్నాలు పెట్టాను. అది జరుగుతుండగా వినడం అదే మొదటిసారి. బకెట్టు దగ్గర పదిహేను నిమిషాలు నిలబడిపోయాను. మా వారు వచ్చి, "తాగకుండానే ఎక్కిందా?" అన్నారు.

ఇక హాలు. పొడవాటి బల్లలు, కొండ దిగి మట్టిబూట్లతో వచ్చిన కుర్రకారు, పేకాడుతున్న ఇద్దరు ముసలివాళ్ళు, తోపుడు బండిలో నిద్రపోతున్న పసిబిడ్డ, బల్ల కింద కుక్క. వడ్డించేవారు ఉండరు, మనమే గల్లా దగ్గరికి వెళ్ళి అడగాలి. గోడకున్న పలక మీద ఒక్కో బీరు పేరు, ఆల్కహాలు శాతం, చేదు ఎంతో తెలిపే అంకె రాసి ఉంటాయి. నేను చూసిన పలక మీద నాలుగున్నర నుంచి ఏడు శాతం దాకా ఉన్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ రాష్ట్రపు కొలత. ఇలాంటి హాళ్ళలో ఒక మనిషికి రోజుకు 48 ఔన్సులకు మించి పోయకూడదు, రాత్రి ఎనిమిది దాటాక పోయనే కూడదు. మేము వెళ్ళిన నాటి చట్టం అది. మన లెక్కలో సుమారు లీటరు 420 మిల్లీలీటర్లు, అంటే వాళ్ళ పెద్ద గ్లాసులు మూడు. ఎంత మంచి ప్రభుత్వమో అనుకోకండి. లైసెన్సులకు బోలెడంత డబ్బు పోసిన బార్ల యజమానులు తమ బేరం పోతుందని గోల చేస్తే, 1999లో కుదిరిన రాజీ అది. కారణం ఏదైతేనేం, ఎనిమిదింటికి పంపులు కట్టేశారు. బయటికి వస్తే బ్రిడ్జర్ కొండల మీద ఇంకా ఎండ ఉంది. జూన్‌లో అక్కడ పొద్దుగుంకేది తొమ్మిది దాటాకే.

మీరు చేయవలసింది ఏమిటని కదా అడిగారు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. నెరిసిన జుట్టు చూసి కూడా వయసు రుజువు అడుగుతారు, నన్ను అడిగారు. 21 నిండాలి, మన రాష్ట్రంలోనూ అంతే. తాగకపోతే ఎవరూ వింతగా చూడరు. రూట్ బీర్ అని ఉంటుంది, పేరులోనే బీరు, మత్తు లేని తీపి సోడా. మా వారు అది తీసుకుని ఒక గుక్క తాగి, "కీళ్ళనొప్పుల మందు కలిపినట్టున్నారు" అన్నారు. ఆయన నాలుక పొరబడలేదు. దాని పరిమళంలో ఒక భాగం మిథైల్ శాలిసిలేట్, మనం మోకాళ్ళకు రాసుకునే లేపనాల్లో ఉండేదే.

మీ అబ్బాయి ఒక చెక్క పలక తెస్తాడు, గుంటల్లో అయిదు బుల్లి గ్లాసులతో. రుచి చూడటానికేగా అంటాడు. ఒక్కో గ్లాసు నాలుగు ఔన్సులనుకున్నా అయిదూ కలిపితే 590 మిల్లీలీటర్లు, పెద్ద గ్లాసు 473. బుల్లి గ్లాసులన్నీ కలిస్తే పెద్దదాన్ని మించిపోతాయి. మా అల్లుడు ఒప్పుకోకపోతే కాగితం రుమాలు మీద లెక్క కట్టి చూపించాను. నల్లగా ఉన్నదాంట్లో ఒక్క గుటక నేనూ రుచి చూశాను, దాచడమెందుకు? మాడిన చోడిరొట్టె అంచు నమిలినట్టుంది. రెండో గుటక అడగలేదు.

కారు ఎవరు నడుపుతారో బయల్దేరే ముందే తేల్చుకోండి. అక్కడ నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు హద్దు, మన దేశంలో 30. హద్దు పెద్దదే కదా అని మీ అబ్బాయి ధీమాగా ఉండకూడదు. తాగి నడిపి పట్టుబడితే విద్యార్థి వీసాయే రద్దు కావచ్చు. ఈ మాట నా పేరు చెప్పి అనండి, మీ మీద కోపం రాదు.

మీ నాన్నగారి మాట చివరికి దాచాను. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిన రోజు మా కాలేజీలో ఊడ్చే ఆవిడ ప్రతి గదికీ వచ్చి బెల్లం ముక్క చేతిలో పెట్టి వెళ్ళింది. ఏమీ మాట్లాడలేదు. 1995లో సంపూర్ణ నిషేధం రావడం, 1997లో అది సడలిపోవడం కూడా ఆవిడ అదే చీపురు పట్టుకుని చూసింది. కాబట్టి మీ కడుపులో తిప్పడాన్ని నేను చాదస్తం అనను. తాత ఎలా పోయాడో మీ అబ్బాయికి తెలుసా? తెలియకపోతే ఆ బల్ల దగ్గరే చెప్పండి, గ్లాసు అతని చేతిలో ఉండగానే. అక్కడ చప్పుడు తక్కువ, వినపడుతుంది. హాలులోకి అడుగుపెట్టాక ఊపిరాడనట్టు అనిపిస్తే మొహమాటపడకుండా బయటికి వచ్చేయండి.

మీ వారిని బలవంతపెట్టవద్దు. ఆ ఊళ్ళో విశ్వవిద్యాలయం వారి ప్రదర్శనశాల ఉంది, డైనోసార్ల ఎముకలకు పేరుపొందింది. ఆయనను ఆ పూట అక్కడ దించండి. మా వారు రెండుసార్లు వెళ్ళారు.

ప్రశ్న: అమ్మా, వాళ్ళ బీరును చూడటానికి జనం విమానాలెక్కి వెళ్తారు. మన కురుపాం, సీతంపేట కొండల్లో జీలుగు కల్లు తాగేవాడిని మాత్రం తాగుబోతు అంటాం. ఇందులో న్యాయముందా?
— విశ్రాంత ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: న్యాయం సంగతి మీరు తేల్చండి, రసాయనం సంగతి నేను చెబుతాను. జీలుగు చెట్టు పని సులువు చేసి పెడుతుంది. గెల కోస్తే కారేది నేరుగా తీపినీరు. గాలిలో, కుండలో ఉన్న ఈస్టు చాలు, చెట్టు దిగేలోపే నురగ మొదలవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. అందుకే అది ఊరు దాటి ప్రయాణం చేయలేదు. పులవకుండా కావాలంటే కుండ లోపల సున్నం పూస్తారు, అదే తాటిబెల్లం వండేవారి కిటుకు.

గింజలో ఉన్నది చక్కెర కాదు, పిండి. దాన్ని మొలకెత్తించి, ఉడికించి, చక్కెరగా మార్చాక గాని ఈస్టుకు పని దొరకదు. బీరు తయారీలో శ్రమంతా ఆ మార్చడంలోనే ఉంది. హాప్స్ పువ్వులు చేదుతోపాటు పాడుకాకుండా నిలిచే గుణాన్నీ ఇస్తాయి. ఆ తీగ గంజాయి మొక్క కుటుంబానికి చెందినది, మత్తు మాత్రం ఇవ్వదు. ఆ పువ్వులను నొక్కి చేసిన పచ్చటి గుళికలను అరచేతిలో నలిపి వాసన చూస్తే నాకు మామిడల్లం గుర్తొచ్చింది.

అయితే ఒక్క విషయంలో మీరన్నది నిజం. బోజ్‌మన్ వాళ్ళు గర్వంగా చెప్పుకునేది "పుట్టిన చోటే తాగుతున్నాం" అనే. అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో మన్‌హాటన్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు బార్లీ మొలకెత్తించే కంపెనీ వచ్చి పెట్టిన పేరది, మద్యనిషేధంతో ఆ మిల్లు మూతపడింది. మన కొండల్లో చెట్టు కింద ఆకుదొప్పలో తాగేవాడిది కూడా పుట్టిన చోట తాగడమే. అతని ముందు ధరల పలక లేదు, అంతే తేడా. మా అన్నయ్యకు ఈ మాట చెబితే, "నువ్వు అమెరికా వెళ్ళి కల్లును సమర్థించడం నేర్చుకున్నావా?" అన్నాడు. మీరూ అలా అనకండి.

ప్రశ్న: చోళ్ళతో బీరు చేయవచ్చా మేడమ్? ఇంట్లో ప్రయత్నిద్దామని ఉంది.
— డిగ్రీ విద్యార్థి, పార్వతీపురం

జవాబు: మొదటి ప్రశ్నకు అవును. కోరాపుట్ కొండల్లో లాండా అనే పానీయానికి మొలకెత్తిన చోళ్ళ పిండినే వాడతారు. ఎంజైముల పాఠం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. రెండో ప్రశ్నకు కాదు. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడాన్ని అనుమతిస్తూ 1978లో చట్టం చేశారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం, నీకు ఉద్యోగం రావలసిన వయసు. అంత ఆసక్తి ఉంటే ఆహార సాంకేతికత చదువు. బోజ్‌మన్‌లోని మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్లీ వంగడాల మీద పనిచేసినట్టే మన విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో చోడి వంగడాల మీద పనిచేస్తారు. శ్రీ చైతన్య రకం అక్కడిదే. ముందు దాని మొలక చూడు. మూడో రోజు తోక గింజంత పొడవైతే ఎండబోయి. అంబలిలో కలిపి తాగు, అందులో నేరమేమీ లేదు.

ఆమదాలవలస తల్లి ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న ఉంది: "అక్కడ కందిపప్పు ఉడకదంటారు, నిజమేనా?"

నిజమే. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 4,800 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు 95 డిగ్రీలకే మరుగుతాయి. మన అరకులో 97. మూత తీసిన గిన్నెలో గంటన్నర ఉడికించినా నా పప్పు పలుకు పలుకుగానే ఉంది. బీరు కాచేవాళ్ళకూ ఇదే తిప్పలు, మరుగు వేడి తగ్గితే హాప్స్ చేదు సరిగా దిగదు, ఇంకొంచెం పువ్వు వేస్తారు. మీకు ఆ అవసరం లేదు. మూడు లీటర్ల కుక్కరు పెట్టెలో పెట్టుకోండి, లోపల బట్టలు కుక్కుకోవచ్చు. రబ్బరు రింగు ఇంకొకటి విడిగా తీసుకెళ్ళండి, అక్కడ మన కొలతది దొరకలేదు నాకు.