ఎకనామిక్స్ డిగ్రీకి కాలేజీ వెతికేటప్పుడు ముందు సిలబస్ చూడండి

ఇంటర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) రెండో ఏడాది చదువుతున్నానని, ఎకనామిక్స్‌లో డిగ్రీ, ఆ తర్వాత ఎంఏ చేయాలని ఉందని, ఢిల్లీ వెళ్లాలా ఇక్కడే చేరాలా అని మీరు అడిగారు. నా అనుభవం చెప్తాను.

నేనూ ఎంఈసీనే. ఇంటికి దగ్గరని మా జిల్లాలోనే ఒక కాలేజీలో బీఏ ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ గ్రూపులో చేరాను. సార్లు మంచివాళ్లే. కానీ మూడేళ్లలో ఒక్క డెరివేటివ్ కూడా చేయించలేదు. డిమాండ్ రేఖ గీసి కింద నాలుగు పాయింట్లు రాస్తే మార్కులు పడేవి. తర్వాత ఎంఏ ఎంట్రన్స్ పాత పేపర్లు తెరిస్తే అన్నీ కాలిక్యులస్, ప్రాబబిలిటీ, మ్యాట్రిక్సులే! ఇంటర్‌లో బాగా వచ్చిన లెక్కలు కూడా అప్పటికి మర్చిపోయాను. ఒక ఏడాది ఇంట్లో కూర్చుని ఇంటర్ పుస్తకాలతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మీకు ఆ ఏడాది పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అందుకే ఏ కాలేజీ అయినా సరే, సిలబస్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో లెక్కగట్టే సబ్జెక్టు) ఉన్నాయో లేదో ముందు చూడండి. ఢిల్లీ యూనివర్సిటీ బీఏ ఆనర్స్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ మొదటి సెమిస్టర్‌లోనే మొదలవుతాయి. అక్కడ సీటు కావాలంటే సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మ్యాథ్స్ పేపర్ తప్పనిసరి, ఫారం నింపేటప్పుడు అది మర్చిపోవద్దు. ఇంకో మాట: సిలబస్, సెమిస్టర్ పేపర్లు ఆ యూనివర్సిటీ కాలేజీలన్నిటికీ ఒకటే. శ్రీరామ్, స్టీఫెన్స్, హిందూ లాంటి పేరున్న కాలేజీల్లో సీటు రాలేదని దిగులుపడి ఆనర్స్ వదులుకోకండి. హాస్టల్ సంగతి మాత్రం ముందే కనుక్కోండి. చాలా కాలేజీల్లో హాస్టల్ సీట్లు తక్కువ, బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంటే కాలేజీ ఫీజుకన్నా గది అద్దెకే ఎక్కువవుతుంది.

ఇంట్లో అంత దూరం వద్దంటే గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. డిగ్రీ, ఎంఏ కలిపి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ, క్యాంపస్‌లోనే హాస్టల్. నన్నడిగితే మీ పరిస్థితికి ఇదే మొదటి ఎంపిక. దీనికీ సీయూఈటీనే.

రెండూ రాకపోతే దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎకనామిక్స్‌తో పాటు మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఉన్న కాంబినేషన్లే పైన పెట్టండి. చేరేముందు ఒకసారి ఆ కాలేజీకి వెళ్లి, ఫైనలియర్ వాళ్లను స్టాటిస్టిక్స్ క్లాసులు నిజంగా జరుగుతున్నాయా అని అడగండి. నేను అడగలేదు.