రాగి ఏ కణంలో ఉందో రాయి

చిరంజీవి అమ్మాయికి,

తిన్న ఆకులోని రాగి చిన్న ప్రాణుల ఒంట్లో చేరే తీరు మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కుళ్లాకు ఈనెలు వదిలేసి మెత్తటి భాగాన్ని వుడ్‌లౌస్, అదే తేమ చోట రాళ్ల కింద బతికే ఆ పీతల చుట్టం, కొరికే తీరు బాగా పట్టావు, ఆ పేరా ముట్టుకోకు. మూడో పేజీలో ‘వీటి ఒంట్లో రాగి అనే విషం పేరుకుపోతోంది’ అన్నావు చూడు, అక్కడ మాత్రం ఉండబట్టలేకపోయాను. రాగి లేకపోతే ఆ ప్రాణికి ఊపిరే లేదు. దాని రక్తంలోని హీమోసయనిన్ ఒక్కో ఆక్సిజన్ అణువును రెండు రాగి పరమాణువుల మధ్య పట్టి మోస్తుంది. శీర్షికలో ‘విషం’ లేకపోతే వ్యాసం పండదనుకునే సంపాదకులు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ల కోసం రాయకు.

ఎంత ఉందన్నది తర్వాత, ఎక్కడ ఉందో ముందు చెప్పు. ఆకులోంచి విడివడ్డ లోహం హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథికి చేరుతుంది. వుడ్‌లౌస్‌లో అది పేగు పక్కనే సాగే సన్నటి గొట్టాలు, మామూలుగా రెండు జతలు. వాటి గోడల్లో చిన్నవి ఎస్ కణాలు, పెద్దవి బి కణాలు. రాగి గంధకంతో కలిసి గుళికలు కట్టేది ఎస్ కణాల్లోనే. కాడ్మియం, సీసం కూడా వాటిలో చిక్కుకుంటాయి. బి కణాల్లో కొవ్వు, ఇనుము గుళికలు ఉంటాయి. ఎస్ కణం పట్టింది ఓ పట్టాన వదలదు.

కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కింద గెంతే శాండ్‌హాపర్లు, రొయ్యల చుట్టాలైన ఆ చిన్న ప్రాణుల సంగతి వేరు. వాటి రాగి గుళికలు వెంట్రల్ సీకా అనే గొట్టాల కణాల్లో ఉంటాయి. కణం ఆయువు తీరి పేగులోకి రాలితే గుళికలూ మలంతో పాటే పోతాయి. పైగా అవి నీటిలోంచి కూడా లోహం తీసుకుంటాయి, ఆ వాటా విడిగా తేల్చాలి. నువ్వు రెంటినీ ఒకే గాటన కట్టేశావు.

ఇక నీ పట్టిక. గ్రాము పొడి బరువుకు 100 మైక్రోగ్రాములున్న రాగి 125 అయిందని, అదంతా తిండి నుంచి పీల్చుకున్నదేనని రాశావు. పక్క వరుసలోనే ప్రాణి పొడి బరువు 20 మిల్లీగ్రాముల నుంచి 16కు పడిపోయింది. లెక్క కట్టు: మొదట 2 మైక్రోగ్రాములు, చివరా 2 మైక్రోగ్రాములే. నలుసంత రాగి కూడా చేరలేదమ్మా, అది తిండి తినక చిక్కిపోయింది.

శోషణ, అంటే తిన్నదాంట్లో ఎంత వంతు ఒంటబట్టిందో తేల్చాలంటే, తిన్న లోహంలోంచి మలంలో పోయింది తీసెయ్యాలి. మిగిలినదాన్ని తిన్నదానితో భాగించాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పేగు ఖాళీ కావడానికి 24 నుంచి 48 గంటలు పస్తు పెడతారు గానీ, వుడ్‌లౌస్ తన మలం తానే తింటుందని మరిచిపోతారు. ఉండలు పడ్డవి పడ్డట్టు ప్లాస్టిక్ చిమటాతో తీసెయ్యాలి. ప్రాణి లేని గిన్నెలో కూడా ఓ ఆకు ఉంచాలి, తేమకూ బూజుకూ దాని బరువు ఎంత మారిందో తెలియాలిగా. కుబుసం విడిచేవాటిని పక్కన పెట్టు. వెనక సగం ముందు, ముందు సగం తర్వాత విడిచి, దాన్నీ తినేస్తాయి. తర్వాత ప్రాణిని స్వేదనజలంతో కడిగి, 60 డిగ్రీల దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి, వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగించు. ప్రతి విడతలోనూ ప్రాణిని వెయ్యని ఉత్త ఆమ్లం ఉన్న గాజు గొట్టం ఒకటి పెట్టు. ఆమ్లంలోనో గాజులోనో ఉన్న రాగి దాంట్లో బయటపడుతుంది.

ఏ పత్రికకు పంపాలన్న నీ ప్రశ్న ఇప్పుడు వద్దు. ఒక్కో ప్రాణిలో మొత్తం ఎన్ని మైక్రోగ్రాములో చెప్పే వరుస చేర్చి, మూడో పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.