జీఎస్టీ సర్టిఫికెట్ పంపాడు కదా అని వేలంలో దక్కిన సరుకుకి డబ్బు కట్టేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఆన్‌లైన్ వేలంలో 800 సూరత్ చీరల లాటు, చీర 90 రూపాయల లెక్కన మీకు దక్కింది, మొత్తం 72 వేలు. అందులో 14,400 ఈరోజే టోకెన్‌గా వేయమంటున్నారు. నమ్మకం కోసం జీఎస్టీ సర్టిఫికెట్, ఆధార్ ఫొటో వాట్సాప్‌లో పెట్టారు. కట్టొచ్చా అని.

ఇంకా కట్టకండి. అది మోసమని నేను అనడం లేదు, మీ చేతిలో ఉన్న కాగితాలతో అటూ ఇటూ ఏదీ తేలదు అంటున్నాను.

నాది రాజమండ్రి దగ్గర చిన్న ఊళ్లో బట్టల కొట్టు. మామూలుగా తాడితోట మార్కెట్లోనే కొంటాను, పండగల ముందు మాత్రం ఆన్‌లైన్‌లో సూరత్ లాట్లకి పాట పాడతాను. అందరూ దొంగ సర్టిఫికెట్ గురించే భయపడతారు కానీ నేను చూసినంతలో సర్టిఫికెట్ అసలుదే ఉంటుంది, పంపినవాడిది కాదు, అంతే. ప్రతి వ్యాపారీ కొట్లో అందరికీ కనిపించేలా తగిలించాల్సిన కాగితం అది. కొనడానికి వచ్చినట్టు వచ్చి ఎవడైనా ఫొటో తీసుకోవచ్చు. కాబట్టి నంబరు నిజమా కాదా అని చూసి ఆగిపోకండి, ఆ నంబరు వాడిదేనా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఆ నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ టాక్స్‌పేయర్ దగ్గర కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం, గుజరాత్ అయితే 24. తర్వాతి పది పాన్ నంబరు. మొత్తంలో ఆరో అక్షరం చూడండి: పి అంటే ఒక మనిషి, ఎఫ్ అంటే భాగస్వామ్య సంస్థ, సి అంటే కంపెనీ. మాది ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పి అక్కడ పి ఉంటే ఇక మాటలు అనవసరం.

పోయిన దసరాకి ఒకతను నాకు పంపిన నంబరు కొడితే యాక్టివ్ అనే వచ్చింది. చాలామంది అది చూసి ఊపిరి పీల్చుకుని పేజీ మూసేస్తారు. కింద ఇంకా ఉంటుంది. రిజిస్ట్రేషన్ తేదీ చూస్తే రెండు నెలల కిందటిది, ఫోన్‌లో మాత్రం "పదేళ్లుగా ఇదే లైన్లో ఉన్నాం సార్" అన్నాడు. రిటర్నుల టేబుల్ తెరిస్తే ఒక్కటీ దాఖలు కాలేదు. సరుకుల కోడ్ల దగ్గర 25తో, 72తో మొదలయ్యేవి ఉన్నాయి, అంటే సిమెంటూ ఇనుమూ! చీరలకి మామూలుగా 50, 52, 54తో మొదలయ్యే కోడ్లు వస్తాయి. ఇక డబ్బు వేయమన్న ఖాతా పోర్టల్‌లో ఎక్కడా లేని మూడో మనిషిది, అదీ సేవింగ్స్ ఖాతా. అదేంటని అడిగితే కరెంట్ అకౌంట్‌లో లిమిట్ అయిపోయింది, మా అకౌంటెంట్‌ది ఇచ్చాను అన్నాడు. డబ్బు తీసుకోవడానికి లిమిట్ ఏంటి బాబూ అంటే ఫోన్ పెట్టేశాడు.

ఖాతా పేరు మాత్రం తప్పకుండా చూసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకి కూడా డబ్బు వెళ్లేలోపే అవతలి ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి చెప్పింది. అక్కడ కనిపించే పేరు, పోర్టల్‌లో ఉన్న లీగల్ నేమ్ లేదా ట్రేడ్ నేమ్, బిల్లు మీద పేరు ఒకటే కావాలి. తమ్ముడిదనీ గుమాస్తాదనీ ఏం చెప్పినా వద్దనేయండి.

ఇవన్నీ సరిపోయినా నేను ఇంకో పని చేయిస్తాను, మీకూ జీఎస్టీ ఉంటే ఇదే అన్నిటికన్నా గట్టి పరీక్ష. 50 వేలు దాటిన సరుకుకి ఎలాగూ ఈ-వే బిల్లు కావాలి, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం. "మా జీఎస్టీ నంబరు మీద ఈ-వే బిల్లు మొదటి భాగం తీయండి, లారీ నంబరు తర్వాత వేసుకోవచ్చు, అది నా లాగిన్‌లో కనబడగానే డబ్బు వేస్తా" అని చెప్పండి. సర్టిఫికెట్ ఫొటో ఉన్నంత మాత్రాన ఈ-వే బిల్లు పోర్టల్‌లోకి ఆ సంస్థ పేరుతో లాగిన్ కాలేడు, ఆ సంస్థ వాళ్లే కావాలి. బేరం చెడితే మీ వైపు నుంచి 72 గంటల్లోపు దాన్ని తిరస్కరించొచ్చు. అసలు వ్యాపారి కొంచెం విసుక్కుంటాడు, కొత్త పార్టీలతో ఇదే గోల అంటాడు, కానీ తీస్తాడు. ఒక్కటి మాత్రం, దొంగ పాన్‌తో జీఎస్టీ నంబరే పుట్టించినవాడు ఇది కూడా తీయగలడు, అందుకే రిజిస్ట్రేషన్ తేదీ, రిటర్నులు ముందే చూడమన్నాను.

సూరత్‌లో మనవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కూడా కనుక్కోండి. లింబాయత్ వైపు మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. మా బావమరిది అక్కడే ఉంటాడు, పోర్టల్‌లో ఉన్న అడ్రస్ పంపితే సాయంత్రం రింగ్ రోడ్డు మార్కెట్లోకి వెళ్లి కొట్టు బోర్డు, లోపల బేళ్లు, కూర్చున్న మనిషి మొహం వీడియో కాల్‌లో చూపిస్తాడు. అలాంటివాళ్లు లేకపోతే మీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల సూరత్ ఆఫీసు మనిషి గోడౌన్‌కి వచ్చి బేళ్లు లెక్కపెడతాడని అమ్మేవాడితో అనండి, నిజంగా పంపినా పంపకపోయినా సరే. దానికి ఏం జవాబిస్తాడో వినండి. గోడౌన్ ఊరి బయట ఉంది, ఈరోజు సెలవు, మీరు టోకెన్ వేస్తేనే లాటు తీస్తాం లాంటివి మొదలైతే లేచి రావడమే.

అడ్వాన్స్ అడగడం మాత్రం తప్పేమీ కాదు, ముఖం తెలియని పార్టీకి డబ్బు పడకుండా సూరత్‌లో ఎవరూ సరుకు కదపరు. తేడా ఎక్కడంటే, నిజంగా వేలం నడిపేవాళ్లకి తమ సొంత ఖాతా, ధరావత్తు నియమాలు, పాటకి ముందే సరుకు చూసుకునే రోజులు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎమ్‌ఎస్‌టీసీ వేలాలు ఒకసారి చూడండి, ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతారు కాబట్టి ముందు వచ్చి చూసుకోమనే చెబుతారు. మీ విషయంలో పాట యాప్‌లో జరిగి డబ్బు మాట వాట్సాప్‌లోకి ఎందుకు వచ్చింది? యాప్ ద్వారానే కడతానని చెప్పండి, కమీషన్ పోతుందని గొణిగితే ఆ కమీషన్ నేనే పెట్టుకుంటానని చెప్పి చూడండి. కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న సరుకు అని ఇన్‌స్టాలో అమ్మేవాళ్ల గురించి కూడా ఎవరో అడిగారు. కస్టమ్స్ శాఖ వాట్సాప్‌లో బేరాలాడదు, యూపీఐ నంబరు ఇచ్చి డబ్బు వేయమనదు, అటు చూడనే చూడకండి.

ఇంకో మాట, తిరిగి అమ్మడానికి కొన్న సరుకుకి వినియోగదారుల కోర్టు దారి దాదాపు లేనట్టే, చట్టంలో వినియోగదారుడి నిర్వచనంలోంచే దాన్ని తీసేశారు. ఒకవేళ మీరు ఇది చదివేలోపే ఆ 14,400 వేసేసి, అవతలివాడు ఫోన్ ఎత్తడం మానేసి ఉంటే, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఫిర్యాదు ఎంత త్వరగా వెళితే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. లావాదేవీ నంబరు, వాడి ఖాతా వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ మాత్రం డిలీట్ చేయొద్దు.